సగం మండువా

తొంభై తొమ్మిది వేసవిలో నా కాలు విరిగింది. ఆనందపురం దగ్గర రోడ్డు మీద ఇసకలో మోటారు సైకిలు జారింది. తప్పు నాదే. అప్పటికి నేను విశాఖపట్నం ఓడరేవులో సరుకు దించే ఒక కంపెనీలో క్రేను నడుపుతున్నాను. కంచరపాలెంలో మరో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. రెండు నెలలు కాలు కింద పెట్టొద్దని డాక్టరు పిండికట్టు వేశాడు. గదిలో వాళ్ళు ముగ్గురూ డ్యూటీలకి పోతే గుక్కెడు నీళ్ళిచ్చే మనిషి లేడు. మా నాన్న గురునాథరావు వచ్చి, బస్సులో వెనక సీటంతా నాకు ఇప్పించి, పద్మనాభం అవతల ఉన్న మా ఊరికి తీసుకుపోయాడు.

మాది రాతి ఇల్లు. ముత్తాత కట్టించాడు. వెనక కొండలో కొట్టిన రాయి, గానుగ సున్నం, రెండడుగుల మందం గోడలు, పైన నాటు పెంకు. నాలుగు వైపులా గదులు, వాటి ముందు టేకు స్తంభాల వసారా, మధ్యలో ఆకాశం కనిపించే మండువా. ఎండాకాలం మధ్యాహ్నం వీధిలోంచి లోపలికి అడుగుపెడితే ఒంటి మీద తడిగుడ్డ వేసినట్టుండేది. చుట్టుపక్కల ఊళ్ళలో మమ్మల్ని ఇంటి పేరుతో ఎవరూ పిలవరు. రాతింటోళ్ళు అంటారు.

అయితే ఆ మండువాని ఉత్తరం నుంచి దక్షిణానికి నిలువునా కోస్తూ ఒక ఇటుక గోడ ఉండేది. ఏడడుగుల ఎత్తు. వసారాల్లోకి, గదుల్లోకి కూడా పోయిందది. తూర్పు సగం మాది. పడమర సగం మా పెదనాన్న శ్రీరామ్మూర్తిది. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. అటువైపు మా పెద్దమ్మ చిట్టమ్మ ఒక్కతే ఉండేది.

గోడ లేచినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అన్నదమ్ముల మధ్య పొలంగట్టు దగ్గర మొదలైన మాట ఇంట్లోకి వచ్చి, పెద్దమనుషులు కూర్చునేదాకా పోయింది. ఇల్లు చెరిసగం చేశారు. మా అమ్మ నాకు రెండేళ్ళప్పుడే జ్వరంతో పోతే, పిల్లల్లేని పెద్దమ్మే నన్ను పెంచింది. ఆమె చేత్తో తినడం, ఆమె పక్కలో పడుకోవడం తప్ప నాకు వేరే ఏమీ తెలీదు. ఇల్లు పంచినప్పుడు నేను కూడా ఒక పక్కకి పడతానని నాకెవరూ చెప్పలేదు.

పైడయ్య మేస్త్రీ రెండు రోజుల్లో కట్టేశాడు. మొదటి రోజు మధ్యాహ్నానికి పెద్దమ్మ నాకు నడుం పై నుంచి కనిపించేది. పొద్దుగూకేసరికి మెడ పై నుంచి కనిపించింది. చెయ్యి చాపి నా తల నిమిరింది. మర్నాటి నుంచి ఆమె మాట మాత్రం వినబడేది. తర్వాత మాట కూడా ఆపేసింది.

చుట్టూ తిరిగి వెళ్ళొచ్చు కదా అంటారేమో. వెళ్ళాను. మా గుమ్మం తూర్పు వీధిలో, వాళ్ళు కొత్తగా పెట్టుకున్న గుమ్మం పడమటి సందులో. వారం తిరక్కుండానే పరిగెత్తుకుంటూ పోయాను. పెదనాన్న గుమ్మంలో నిలబడి, మీ నాన్న ఇంట్లో ఉండు పో అన్నాడు. తిరిగొస్తే నాన్న నా చెయ్యి తన తల మీద పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. ఆ తర్వాత హాస్టలు, ఐటీఐ, పోర్టు. ఒట్టు ఎప్పుడో పాతబడిపోయింది గానీ, ఇన్నేళ్ళు వెళ్ళనివాణ్ణి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలన్న సిగ్గు దాని చోట్లోకి వచ్చింది. పెదనాన్న పోయినప్పుడు కూడా వీధిలో మగవాళ్ళతో నిలబడి వచ్చేశాను.

నాన్న నా మంచాన్ని మండువా వసారాలో గోడ పక్కన వేశాడు, అక్కడే చల్లగా ఉంటుందని. పొద్దున్నే ఆయన పొలానికి పోతే మధ్యాహ్నం దాకా నేనూ ఆ గోడానూ. పద్దెనిమిదేళ్ళలో ఎప్పుడూ చెవి పెట్టి వినలేదు నేను, అప్పుడు విన్నాను. ఆమె చీపురు రాళ్ళ మీద ఎలా గీరుకుంటుందో. కోళ్ళతో మాట్లాడేది, వాటికి పేర్లున్నాయి. వంగి లేచినప్పుడల్లా ‘అమ్మ’ అని చిన్నగా అనుకునేది. నేను దగ్గితే అటువైపు చీపురు ఆగేది. ఒక క్షణం ఆగి, మళ్ళీ మొదలయ్యేది.

మే రెండో వారంలో ఒక పొద్దున పడమటింటి పెంకుల మీద ఎవరో నడుస్తున్న చప్పుడైంది. కాసేపటికి గోడ మీదికి ఒక మనిషి వచ్చి గుర్రం ఎక్కినట్టు కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి, మెడలో స్టీలు టేపు, చెవి మీద పెన్సిలు. తన పేరు సాయిశంకర్ అన్నాడు. విశాఖపట్నంలో ఇళ్ళకి ప్లాన్లు గీసే ఆఫీసులో పనట. భీమిలి రోడ్డులో సముద్రానికెదురుగా ఒకాయన గెస్ట్‌హౌసు కడుతున్నాడు, ఆయనకి పాత రాయి, పాత టేకు కావాలి. చిట్టమ్మగారు తన సగం ఇస్తానని మాటిచ్చారు. వానలు పోయాక విప్పుతారు. విప్పేముందు కొలవాలి కదా, అందుకొచ్చాను అన్నాడు.

అటువైపు చీపురు చప్పుడు ఆగిపోయింది.

“మీవైపు కూడా చూడనిస్తారా?” అన్నాడతను. “దూలాలు ఎక్కడ ఆగాయో అటునుంచి తెలియడం లేదు.”

మధ్యాహ్నం నాన్నతో చెప్పాను. ఆయన కాళ్ళు కడుక్కుంటూ, ఆవిడ సగం ఆవిడిష్టం అన్నాడు. కొలుచుకోనిద్దామా అంటే, కొలిస్తే ఇల్లేమీ అరిగిపోదులే అన్నాడు. కానీ ఆ రోజు అన్నం తిన్నాక చాలాసేపు మండువాలో నిలబడి పైకప్పు వైపు చూశాడు.

సాయిశంకర్ ఎనిమిది రోజులు వచ్చాడు. పొద్దున్న మొదటి బస్సుకి దిగేవాడు, ఎండ ముదిరేదాకా కొలిచేవాడు. మంచం మీద కూర్చుని టేపు కొస పట్టుకోవడం నా పని. నేను ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణే గానీ, దాన్ని చూడడం అతనే నేర్పాడు. వసారా గచ్చు చూడ్డానికి చదునుగా ఉంటుంది, కానీ మండువా వైపు ఒక అంగుళం వాలు ఉంది. రాళ్ళు మూలల దగ్గర ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు పేర్చారు. స్తంభాల కింద రాతి దిమ్మలకి చుట్టూ చిన్న కాలవ చెక్కారు, చెదలు ఎక్కకుండా అందులో నీళ్ళు పొయ్యడానికి. ఇవన్నీ చూపిస్తున్నప్పుడు అతను గొంతు తగ్గించేవాడు, ఇంటికి వినబడకూడదన్నట్టు.

మూడో రోజో నాలుగో రోజో చిక్కు వచ్చింది. రెండు సగాలూ కొలిచి కలిపితే లెక్క ఇంటి బయటి కొలతతో కుదరడం లేదు. గోడ ఎక్కడో వంకరగా ఉంది. మండువాని ఒకే పట్టున కొలవాలన్నాడు. మేస్త్రీలు వాడే నైలాను తాడు తెచ్చి, ఒక కొస నాకిచ్చి, మా స్తంభానికి ఆనించి పట్టుకోమన్నాడు. తాడు పట్టుకుని గోడెక్కి, అటు పెద్దమ్మకి రెండో కొస ఇచ్చాడు.

“కొంచెం బిగించండమ్మా,” అన్నాడు గోడ మీంచి.

తాడు నా వేళ్ళలో బిగుసుకుంది. నేను లాగాను. అటునుంచి ఆమె లాగింది. సాయిశంకర్ టేపు పరుచుకుంటూ గోడ మీద ఏదో రాసుకుంటున్నాడు. అతనికి పట్టింది రెండు మూడు నిమిషాలే. ఇక చాలు వదిలేయండి అన్నాడు. నేను వదల్లేదు. ఆమె కూడా వదల్లేదు. అతను అటూ ఇటూ చూసి, మళ్ళీ ఆ మాట అనకుండా టేపు చుట్టుకుంటూ కూర్చున్నాడు. చివరికి అటువైపు పట్టు మెల్లగా సడలింది.

ఏడో రోజు అతను బొమ్మ తెచ్చి నా మంచం మీద పరిచాడు. అందులో ఇటుక గోడ లేదు. నాలుగు పక్కలా గదులు, మధ్యలో చదరంగా మండువా, నేను తొమ్మిదేళ్ళదాకా పరిగెత్తిన మొత్తం ఇల్లు. గోడ వెయ్యడం మర్చిపోయారా అని అడిగాను. అది ఈ ఇంటిది కాదు కదండీ అన్నాడు. పెద్దమ్మ గది ఎక్కడో, కవ్వం తాడు కట్టిన స్తంభం ఏదో, వేలు పెట్టి అతనికి చూపించాను. ఎప్పుడో వదిలొచ్చిన ఊరి వీధుల పేర్లు చెప్పినట్టు చెప్పాను.

అప్పుడే దూలాల సంగతి కూడా చెప్పాడు. ఉత్తరం పక్కా దక్షిణం పక్కా ఉన్న పెద్ద దూలాలు తూర్పు నుంచి పడమటికి ఒకే ముక్క. సగంలో కోస్తే రెండు సగాలూ కూలతాయి. అంటే పెద్దమ్మ సగం విప్పాలంటే మా నాన్న కూడా ఒప్పుకోవాలి. మా నాన్న కాదంటే బేరం లేదు. ఆ మాట వినగానే నా గుండె తేలిక పడింది. నాన్న చేత కాదనిపిస్తే చాలు, ఇల్లు ఉంటుంది, ఆమె ఉంటుంది అనుకున్నాను.

అతను మాత్రం బొమ్మలో ఈశాన్యం మూల చూస్తున్నాడు. “ఈ ఇంటికి ముందు నీళ్ళ దారి గీసి, తర్వాత గోడలు లేపారండీ. నాలుగు కప్పుల నీళ్ళూ మండువాలోకి, మండువాలోంచి ఈ మూల తూములోకి, తూములోంచి వీధి కాలవలోకి.” కాస్త ఆగి అడిగాడు. “తూము మీవైపు ఉంది. మరి ఆ పక్క నీళ్ళు ఎటు పోతున్నాయి?”

నాకు తెలీదన్నాను. అతనికి తెలుసు, చూసొచ్చాడు. ఎటూ పోవడం లేదు. పద్దెనిమిది వానాకాలాలు ఆమె వైపు మండువా నిండి, నీరు వసారా మీదికి వచ్చి, పడమటి గోడ పునాదిలోకి దిగింది. ఆ గోడ నాలుగు వేళ్ళు బయటికి ఉబ్బింది. లోపల మోకాలెత్తున సున్నం రాలిపోయింది. పడమటికి కాలవ తవ్వుదామంటే సందు ఎత్తు, సందులో నీళ్ళే లోపలికొస్తాయి. వాన పడినప్పుడల్లా ఆవిడ బకెట్లతో తోడి దొడ్లో పోస్తోంది. ఆ గోడ ఇంకో రెండు మూడేళ్ళు తట్టుకుంటుందేమో అన్నాడు.

చిన్నప్పుడు వానరోజుల్లో గోడవతల నీళ్ళు తోడి పోసే చప్పుడు వినేవాణ్ణి. పెద్దమ్మ బట్టలుతుక్కుంటోంది అనుకునేవాణ్ణి.

ఆ మధ్యాహ్నం నాన్న అన్నం తింటున్నప్పుడు అడిగాను, గోడ కింద కన్నం ఎందుకు లేదని. ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు.

“పైడయ్య ఉంచుతానన్నాడు,” అన్నాడు. “నానే వద్దన్నాను. నీల్లు కూడా ఇటు రాకూడదన్నాను.”

కంచంలో ముద్దని వేలితో అటూ ఇటూ తోశాడు.

“కోపంలో అన్నాను. మర్నాడు తీయిద్దామనుకున్నాను. మర్నాడు మీ పెదనాన్న నన్ను సూసి సందులో ఉమ్మేసినాడు. మరి తియ్యలేదు.” కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. అన్నం సగం అలాగే ఉంది.

మర్నాడు పొలానికి పోలేదు. పొద్దున్నే గునపం పట్టుకొచ్చి, గోడ పాదం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కూలిని పిలుద్దాం నాన్నా అంటే తల ఊపాడు, వద్దని. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఒక్కో ఇటుకా పెళ్ళగించి పక్కన పెడుతూ గంటసేపు పొడిచాడు. గోడవతల కోళ్ళు అరిచి దూరంగా పోయాయి. అటునుంచి మనిషి అలికిడి మాత్రం లేదు. చివరి ఇటుక అటువైపు పడింది. ఆ కన్నంలోంచి వెలుతురు వచ్చింది.

నా మంచం మీంచి వంగితే అందులోంచి ఆమె పాదాలు కనబడ్డాయి. గోడకి మూరెడు దూరంలో నిలబడి ఉంది. మడమలు నల్లగా పగిలి ఉన్నాయి. వేళ్ళకి మట్టెలు లేవు. వాటిని చూసి నాకు పెదనాన్న నిజంగా పోయాడని అప్పుడు తెలిసినట్టయింది.

నాన్న గునపం పక్కన పెట్టాడు. గోడ వైపే చూస్తూ, “వొదినా, ఇకనించి నీల్లు ఇటొచ్చేత్తాయి,” అన్నాడు.

అటునుంచి ఆమె గొంతు వచ్చింది. “ఇప్పుడా, గురునాదం.”

అందులో కోపం లేదు. అదే బాగుండలేదు. నాన్న ఇటుకలన్నీ ఒక మూలకి చేర్చి, కండువాతో మొహం తుడుచుకుని, దొడ్లోకి పోయాడు.

నేను చంకకర్రలు అందుకున్నాను. డాక్టరు వద్దన్న కాలు గాల్లో వేలాడేసుకుని తూర్పు వీధిలోకి దిగాను. అయిదిళ్ళు దాటి మూల తిరిగి, రామకోవెల సందులోంచి పడమటి సందులోకి. మామూలు మనిషికి నాలుగు నిమిషాల నడక. నాకు అరగంట పట్టింది. అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడ్డారు.

ఆమె గుమ్మంలోనే ఉంది. నేను అనుకున్నదానికంటే పొట్టిగా ఉంది. నా మొహం చూడలేదు, ముందు కాలు చూసింది.

“కూకో. కాలు జాపుకో,” అంది.

లోపల మంచం, బియ్యం డబ్బా, ట్రంకుపెట్టె, పెదనాన్న ఫోటో పెట్టిన బల్ల, అన్నీ ఇటుకల మీద ఎక్కించి ఉన్నాయి. గోడలకి మోకాలెత్తు దాకా నల్లటి చార. మంచం ఇటుక గోడకి ఆనించి ఉంది, నా మంచానికి సరిగ్గా అటుపక్క. నేను దాన్నే చూస్తూండడం ఆమె గమనించింది. నువ్వొచ్చిన రోజు మంచం ఈడ్చిన చప్పుడు విన్నాను, అప్పుడే నాదీ జరుపుకున్నాను అని చెప్పింది, ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టు.

చద్దన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ నలిపి పెట్టింది. తిన్నాను. నేను తింటున్నంతసేపూ పక్కన కూర్చుని నా చెయ్యి కదలడం చూసింది. నేను ఇన్నేళ్ళూ రానందుకు ఏదో చెప్పాలని మొదలుపెట్టాను. చెయ్యి అడ్డంగా ఊపి ఆపేసింది. మీ పెదనాన్న నీ సంగతి అడగొద్దన్నాడు, నేనూ అడగలేదు, మనందరిదీ ఒకటే బుద్ధి అంది.

“ఇల్లు అమ్మొద్దు పెద్దమ్మా,” అన్నాను. “నీళ్ళకి దారి తెరిచేశాం కదా.”

“తెరిసినారు. బాగున్నాది.” కొంగుతో చెయ్యి తుడుచుకుంది. “నువ్వు కాలు బాగయ్యాక ఎల్లిపోతావు. ఎల్లాల మరి. అప్పుడు నాను ఈ గోడకాడ ఎవులి సప్పుడు ఇనాల?”

దువ్వాడలో ఆమె చెల్లెలు గురువమ్మ ఉంది, స్టేషను దగ్గర రెండు గదుల ఇల్లు. మొగుడు పోయాడు, ఆవిడా ఒక్కతే. ఇద్దరూ కలిసి ఉండాలని ఎప్పటి నుంచో మాట. ఈ గోడల్ని తడవకుండా కాపలా కాయడం ఇక నా వల్ల కాదు, చేతులు రావడం లేదు అంది. వేళ్ళు విప్పి చూపించింది. కణుపులు ఉబ్బి వంకరపోయాయి.

“మీ నాన్న ఒప్పుకుంటేగానీ దూలాలు రావంట. నువ్వు సెప్పు. నా మాటగా సెప్పు,” అంది.

సరే అన్నాను. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో అప్పుడు నాకు నేను రకరకాలుగా సర్దిచెప్పుకున్నాను. నాన్న మనసు బాగోలేదని, ముందు వానలు పడనీ అని. అసలు సంగతి ఏమిటంటే నాకు ఆ ఇల్లు కావాలి, అందులో ఆమె కావాలి. పద్దెనిమిదేళ్ళ తర్వాత దొరికింది, రెండు నెలలకే పోతానంటే నేను ఆ మాట మోసుకెళ్ళలేకపోయాను. రోజూ చంకకర్రల మీద సందు చుట్టి ఆమె దగ్గరికి పోయేవాణ్ణి. ఆమె వండింది తినేవాణ్ణి. నా తలకి నూనె రాసేది. చెప్పావా అని ఆమె అడగలేదు, చెప్పి ఉంటాననుకుంది.

జూన్ మూడో వారంలో మొదటి పెద్దవాన పట్టపగలే వచ్చింది. నేను మావైపు వసారాలో ఉన్నాను, నాన్న కూడా. నాలుగు కప్పుల మీంచి నీళ్ళు ధారలుగా మండువాలోకి దూకాయి. కొంతసేపటికి గోడ కింద కన్నంలోంచి ఆమె సగం నీళ్ళు, రాలిన వేపాకులతో, ఒక కోడి ఈకతో, మావైపు వచ్చాయి. వచ్చి మా నీళ్ళలో కలిసి ఈశాన్యం మూలకి తిరిగి తూములోకి పోయాయి. ఇల్లు కట్టినవాడు అనుకున్నది అనుకున్నట్టే జరగడం గోడ లేచాక నేను చూసింది ఆ ఏడే. నాన్న వసారా అంచున కూర్చుని, కన్నానికి ఆకులు అడ్డుపడినప్పుడల్లా కర్రతో తీశాడు. వాన ఆగేదాకా లేవలేదు.

మర్నాడు వెళ్తే పెద్దమ్మ చెప్పింది, వాన పడుతుంటే ఏం చెయ్యాలో తెలీక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానని.

జూలైలో పిండికట్టు విప్పారు. ఆగస్టు మొదట్లో డ్యూటీలో చేరాలి. బయల్దేరడానికి రెండ్రోజుల ముందు సాయిశంకర్ వచ్చాడు, మా నాన్నగారి మాట ఏమిటో తెలుసుకోవడానికి. పెద్దమ్మ గుమ్మంలో ముగ్గురం ఉన్నాం. ఆమె నా వైపు తిరిగింది.

“సెప్పినావు కదా?”

నేను నేల చూశాను. సాయిశంకర్ తన కాగితాల్లో ఏదో వెతుక్కున్నాడు. ఆమెకి అర్థమైంది. తిడుతుందనుకున్నాను. కొంచెంసేపు నా భుజం మీద చెయ్యి వేసి ఉంచింది, అంతే.

“ఎల్లి సెప్పు బాబూ,” అంది.

వెళ్ళి చెప్పాను. నాన్న మండువాలో ఎండకి వేసిన మిరపకాయలు తిరగేస్తున్నాడు. ఆమె మాట చెప్పాను, ఆ మాట రెండు నెలలు నా దగ్గరే దాచానని కూడా చెప్పాను. దూలాలు మనం ఇవ్వకపోతే ఆమె ఎక్కడికీ పోలేదని, నువ్వు కాదనొచ్చని చెప్పాను. అలా చెబుతూనే ఆయన కాదనాలని కోరుకున్నాను.

ఆయన మిరపకాయలు తిరగెయ్యడం పూర్తి చేశాడు. లేచి స్తంభానికి ఆనుకుని నాలుగు పక్కలా చూశాడు, గోడకి ఇటు కనబడేంతవరకూ.

“తీసుకోమను,” అన్నాడు. “మొత్తం తీసుకోమను.”

“నువ్వెక్కడుంటావు?”

“దొడ్లో రెండు గదులేసుకుంటాను. నాకేటి.”

ఇల్లు విప్పడం గురించి ఎక్కువ చెప్పను. కార్తీకంలో జరిగింది. రాళ్ళ మీద తెల్ల రంగుతో నంబర్లు వేశారు, లారీల్లో భీమిలి వైపు తోలారు. నేను ఒక్కరోజే వెళ్ళాను, దూలాలు దించిన రోజు. అవి నిజంగానే ఒకే ముక్క. ఇటుక గోడని ఎవరూ కొనలేదు. దాన్ని చివర్లో ఇద్దరు కూలీలు ఒక పూటలో పడగొట్టారు. గెస్ట్‌హౌసులో స్తంభాలు, తలుపులు బాగా అమిరాయని సాయిశంకర్ చెప్పాడు. చాలా రాయి ప్రహరీలోకి పోయిందన్నాడు. భీమిలి బస్సులో ఆ దారిన పోయినప్పుడు అది కంట పడకుండా సముద్రం వైపు కూర్చుంటాను. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే సాయిశంకర్ బొమ్మలోని ఇల్లే వస్తుంది, గోడ లేనిది. అందులో నేను గడిపింది తొమ్మిదేళ్ళే. కానీ ఎవరైనా మీ ఇల్లెక్కడ అంటే నాకు అదే గుర్తొస్తుంది.

చెప్పాల్సింది పెద్దమ్మ వెళ్ళిన రోజు సంగతి. ఇల్లు విప్పడానికి పది రోజుల ముందు, ఒక ఆదివారం. మంచం, బల్ల, పాత్రలు చిన్న లారీలో వేసుకుని నేను ముందు బయల్దేరాను, దువ్వాడలో గురువమ్మ పిన్ని ఇంట్లో అన్నీ సర్దాలని. ట్రంకుపెట్టెతో పెద్దమ్మ వెనకాల జీపులో రావాలి. జీపు మాట్లాడింది నేనే. ఎవరైనా తోడు రావాలి కదా అని పక్కింటి చలమయ్యగారిని అడిగి ఉంచాను.

మధ్యాహ్నం పన్నెండు దాటాక జీపు వచ్చింది. వెనక తలుపు తీస్తే ముందు మా నాన్న దిగాడు. ట్రంకుపెట్టె దించి భుజాన వేసుకున్నాడు. ఆ తర్వాత పెద్దమ్మ దిగింది, ఆయన మోచెయ్యి పట్టుకుని. చలమయ్యగారు రాలేదు. పొద్దున్న మా నాన్న తూర్పు వీధిలోంచి సందు చుట్టి ఆమె గుమ్మంలోకి వచ్చి, పెట్టె ఎక్కడుంది వదినా అని అడిగాడట. ఇది నాకు తర్వాత చలమయ్యగారు చెప్పారు.

పెట్టె లోపల పెట్టి, పిన్ని ఇచ్చిన మజ్జిగ తాగి, నాన్న ఎక్కువసేపు కూర్చోలేదు. వెళ్తానన్నాడు. పెద్దమ్మ గుమ్మందాకా వచ్చింది. నేను అదే జీపులో కంచరపాలెం దాకా ఆయనతో వచ్చాను. వెనక బల్లల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. గాజువాక దాటాక అడిగాను.

“వచ్చేటప్పుడు ఏం మాట్లాడుకున్నారు నాన్నా?”

“ఏటీ లేదు,” అన్నాడు. రోడ్డు వైపు చూస్తున్నాడు. కొంచెం సేపయ్యాక మళ్ళీ అన్నాడు. “సింహాచలం కాడ నా మీద ఎండ పడతంటే, ఇటొచ్చి కూకోమంది.”

“మరి?”

“ఎల్లి కూకున్నాను.”